కత్తుల లోకంలోకి యంత్రాలు: 4వ పాఠం – పేరు బయటపెట్టకండి

పోయిన పాఠం చూసి, కత్తులూ మంత్రాలూ ఉండే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోకి లేజర్ పిస్టల్‌ని దించిన డీఎంలు (డంజన్ మాస్టర్లు, అంటే కథ చెబుతూ ఆట నడిపేవాళ్లు) చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. అది ఎవరి చేతికి దొరికితే వాళ్లదే ఆట, మిగతావాళ్లు చూస్తూ కూర్చోవడమే. అందుకే కొత్త సంగతి పక్కనపెట్టి ముందు దీన్ని సరిచేద్దాం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (2014) డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆ పిస్టల్ దెబ్బ 3డీ6 (ఆరు ముఖాల పాచికలు మూడు వేసి కలిపితే వచ్చేది), సగటున 10.5. పొడుగు విల్లు లాంగ్‌బోది 1డీ8 (ఎనిమిది ముఖాల పాచిక ఒకటి), అంటే సగటున 4.5. పాత్ర చురుకుదనానికి (డెక్స్టెరిటీ) వచ్చే +3 రెండింటికీ కలిపితే, 59 హిట్ పాయింట్ల (ప్రాణబలం) ఓగర్ అనే రాక్షసుడు పడడానికి 8 బాణాలు తగలాలి, పిస్టల్‌కి 5 దెబ్బలు చాలు. అసలు చిక్కు ఇది కాదు. ఒక్క ఎనర్జీ సెల్‌కి (పిస్టల్ బ్యాటరీకి) 50 షాట్లు! దాన్ని 6కి దించండి. దెబ్బ మాత్రం తగ్గించకండి, తగ్గిస్తే అది మామూలు విల్లే.

ఇక పెద్ద తప్పు. "మీకు లేజర్ తుపాకీ దొరికింది" అని డీఎం నోటితోనే అనేయడం. ఆ మాట వచ్చిందంటే ఆటగాడికి తెలిసినదంతా పాత్రకీ తెలిసిపోయినట్టే, వెనక్కి తీసుకోలేం. ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1976లో పోటీ కోసం రాసి, 1980లో అచ్చయిన 'ఎక్స్‌పెడిషన్ టు ద బ్యారియర్ పీక్స్' అనే సాహసంలో ఆటగాళ్లకు చూపించడానికి విడిగా బొమ్మల పుస్తకమే ఉంది. బొమ్మ చూపిస్తే పేరు చెప్పే పని ఉండదు.

బొమ్మ లేకపోతే చేతికీ చెవికీ తెలిసేదే చెప్పండి. పిస్టల్: "అరచేతిలో ఇమిడే నల్లటి ముక్క. కొయ్య కాదు, ఇనుమూ కాదు. గోరుతో గీకితే గీత పడదు. పిడి నొక్కితే సన్నగా కీచుమంటోంది." రోబో: "తల లేదు, చేతులు నాలుగు. నేలకి జానెడు పైన జారుతూ వస్తోంది." నాకు బాగా నచ్చేది లిఫ్ట్: "చిన్న గది. తలుపు మూసుకుంది. కడుపులో దిగజారినట్టయింది. తలుపు తెరుచుకుంటే ఇందాకటి హాలు లేదు." టెలిపోర్ట్ (మంత్రంతో చోటు మారడం) అనుకుంటారు, అనుకోనివ్వండి. మాయని పసిగట్టే డిటెక్ట్ మ్యాజిక్ మంత్రం వేస్తే మాత్రం ఏమీ కనిపించదు.

మీ నోట్సులోనూ 'రోబో' అని రాసుకోకండి, ఆట వేడిలో నోరు జారుతుంది. "అది లేజరేగా!" అని ఆటగాడే అంటే అవుననీ కాదనీ అనకండి. "నీ పాత్ర దాన్నేమని పిలుస్తుంది?" అని అడగండి. 'మెరుపుపిడి' అంటే అప్పటినుంచి మీకూ అది మెరుపుపిడే.

వాడకం కనిపెట్టడానికి ఇంటెలిజెన్స్ చెక్ (20 ముఖాల పాచిక వేసి, పాత్ర తెలివికి వచ్చే అంకె కలపడం): 15, ఆపైన వస్తే గెలుపు. రివాల్వర్‌లాంటి సాదా వస్తువుకి 2 గెలుపులు, కంప్యూటర్‌కి 4. 9, అంతకు తక్కువ పడితే ఓటమితోపాటు ఒక షాట్ వృథా, తర్వాతి చెక్ డిసడ్వాంటేజ్‌తో (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం). 50 షాట్లుంటే ఈ నష్టాన్ని ఎవరూ పట్టించుకోరు. 6 ఉంటే పాచిక వేసే ముందే బల్ల చుట్టూ వాదన మొదలవుతుంది.

అభ్యాసం: ప్రెషర్ కుక్కర్, ఏటీఎం, ఎక్స్‌రే. ఒక్కోదానికి మూడే వాక్యాలు. కుక్కర్‌కి 'విజిల్', 'ఆవిరి', 'గ్యాస్', 'మూత' అనే మాటలు వాడకూడదు, మిగతా రెండింటికీ అలాంటివి నాలుగేసి మీరే నిషేధించుకోండి. ఆట తెలియనివాళ్లకి చదివి వినిపించండి. మొదటి వాక్యానికే పేరు చెప్పేస్తే మళ్లీ రాయండి.