నల్లజాతి విద్యార్థులకు ఇంటర్న్‌షిప్: ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అట్లాంటాలో నల్లజాతి విద్యార్థులు చదివే ఒక కాలేజీ కెరీర్ ఆఫీసులో పనిచేస్తాను. వేసవి ఇంటర్న్‌షిప్ కావాలని పిల్లలు మార్చిలో వస్తే టెన్షన్ నాకు. వాల్ స్ట్రీట్ బ్యాంకులు ఏడాదికి పైగా ముందే ఎంపికలు మొదలుపెడతాయి. పెద్ద టెక్ కంపెనీల దరఖాస్తులు చాలావరకు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే తెరుచుకుంటాయి. అందుకే కాలేజీ తెరిచిన వారమే రమ్మంటాను.

ఫైనాన్స్ అయితే ముందు ఎస్ఈఓ కెరీర్ అనే, విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు చూపించే సంస్థను చూడాలి. 1970లో చికాగోలో పుట్టిన ఇన్‌రోడ్స్ అనే సంస్థ రకరకాల రంగాల్లో జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌లు చూపిస్తుంది. ఇంజనీరింగ్ వాళ్లకు 1975లో పర్డ్యూ యూనివర్సిటీలో మొదలైన నల్లజాతి ఇంజనీర్ల జాతీయ సంఘం ఎన్ఎస్‌బీఈ ఉంది; దాని వార్షిక సదస్సు కెరీర్ ఫెయిర్‌లో కంపెనీలు అక్కడికక్కడే ఇంటర్వ్యూలు చేస్తాయి. నల్లజాతి విద్యార్థుల చదువుకు సాయం చేసే యూఎన్‌సీఎఫ్ సంస్థ అంటే స్కాలర్‌షిప్‌లే అనుకుంటారు, ఇంటర్న్‌షిప్‌లూ ఉంటాయి.

ఏ రంగమో తేలకపోతే మన కాలేజీ పూర్వ విద్యార్థికి లింక్డ్‌ఇన్‌లో రాయాలి. "ఉద్యోగం ఇప్పించండి" అనొద్దు. "మీరు చదివిన కాలేజీలోనే రెండో ఏడు చదువుతున్నాను. ఆడిటింగ్‌లో మీ రోజు ఎలా గడుస్తుందో ఒక పావుగంట చెప్పగలరా?" అంటే చాలు.

రెజ్యూమె ఒక్క పేజీ. చర్చిలో లెక్కలు చూసినా, బాబాయి బార్బర్ షాపులో అపాయింట్‌మెంట్లు నడిపినా రాయాల్సిందే. ఇవే దాచేస్తారు పిల్లలు, ఎందుకో!

ఆఫర్ వచ్చాక అద్దె సంగతి తేల్చుకోవాలి. న్యూయార్క్‌లో గది అద్దె జీతాన్ని మింగేస్తుంది. హౌసింగ్ స్టైపెండ్ (అద్దె కోసం కంపెనీ ఇచ్చే డబ్బు) ఉందా అని మర్యాదగా మెయిల్ పెట్టినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం నేనైతే చూడలేదు. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయితే, కాలేజీ నిధి ఏదైనా దొరుకుతుందేమో ఒప్పుకునే ముందే కనుక్కోవాలి.