రక్తపు వాంతి, నల్లటి మలం: అన్నవాహికలో సిరలు ఉబ్బినప్పుడు

సమస్య: మలం తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తోంది.
మా కందుకూరు వైపు దీనికి ‘వేడి చేసింది’ అని మజ్జిగ పోస్తారు. మా బాబాయికీ అదే చేశాం, రెండు రోజులు పోయాయి. ఐరన్ మాత్రలకూ మలం నల్లబడుతుంది, కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. ఇది లోపల కారి, అరిగి వచ్చిన రక్తం.

కారణం: గొంతులో కాదు, కాలేయంలో ఉంది. మద్యం వల్లో, హెపటైటిస్ బి, సి వల్లో, కొవ్వు పేరుకునో కాలేయం గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. తూము పూడిన చెరువు నీరు పక్క కాలువల మీద పడినట్టు ఆ రక్తం అన్నవాహిక సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి, ఒకనాడు చిట్లుతాయి.

సమస్య: రక్తపు వాంతి.
108కి ఫోన్ చేయండి. నోటికి ఏమీ ఇవ్వకుండా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. రాత్రిపూట ఎండోస్కోపీ (నోటి గుండా కెమెరా గొట్టం దించి చూడటం) చేసే ఆస్పత్రి నెల్లూరులోనా, ఒంగోలులోనా అన్నది దారిలోనే కనుక్కోండి. పన్నెండు గంటల లోపు అది జరగాలి. ఈలోగా సిరల్లో ఒత్తిడి తగ్గించే ఆక్ట్రియోటైడ్ లేదా టెర్లిప్రెసిన్, దాంతోపాటు యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. ‘ఇంకో సీసా రక్తం ఎక్కించండి’ అని డాక్టరును తొందరపెట్టకండి. హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఆపడం పిసినారితనం కాదు, అంతకు మించితే సిరల్లో ఒత్తిడి పెరిగి మళ్లీ కారుతుంది.

ఎండోస్కోపీలో ఆ గొట్టం కొసన ఉన్న చిన్న మూతలోకి ఉబ్బిన సిరను పీల్చి, దాని మెడకు రబ్బరు బ్యాండు జారవిడుస్తారు. బిగిసిన ముక్క ఎండి, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. అక్కడ పుండు మిగులుతుంది.

సమస్య: బ్యాండ్లు వేశాక ఛాతీలో నొప్పి.
ఒకటి రెండు రోజులు మామూలే. మొదట ద్రవాలు, తర్వాత మెత్తటి అన్నం. ముళ్లున్న చేపల పులుసు కొన్నాళ్లు మానాలి (నెల్లూరు మనిషికి ఇదే అసలు శిక్ష). డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. వారం, పది రోజులకు మళ్లీ రక్తం కనిపిస్తే ఆ పుండే కావచ్చు, వెంటనే వెళ్లండి.

సమస్య: బ్యాండ్లు వేసినా మళ్లీ రక్తం.
ఒక్క విడతతో సిరలు పోవు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అవి మాయమయ్యేదాకా వేయించుకోవాలి. సిరల్లో ఒత్తిడి తగ్గించే ప్రొప్రనొలాల్ లేదా కార్వెడిలాల్ మాత్రలు రాస్తే సొంతంగా ఆపకూడదు. జీర్ణాశయం పైభాగంలోని సిరలైతే బ్యాండు సరిపోదు, జిగురు మందు ఎక్కిస్తారు. మా బాబాయి మాత్రం నొప్పి తగ్గిందని రెండో విడత ఎగ్గొట్టారు. నాలుగో నెలలో మళ్లీ 108 ఎక్కించాం.