కమ్యూనిటీ కాలేజీలో కోర్సు వదిలేసే ముందు ఏం చూసుకోవాలి? యూసీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకునేవాళ్లకు

మిడ్‌టర్మ్ మార్కులు చూసిన టెన్షన్‌లో డ్రాప్ బటన్ నొక్కేయకండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఒక డబ్ల్యూ (కోర్సు మధ్యలో వదిలేశారని చూపే గుర్తు) ఉన్నంత మాత్రాన యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) మిమ్మల్ని పక్కన పెట్టేయదు, అది జీపీఏలో కలవదు కూడా. ఏ కోర్సు వదిలారు, ఎప్పుడు వదిలారు, ఆ సంగతి యూనివర్సిటీకి చెప్పారా లేదా అన్నదే అసలు విషయం.

ముందు కాలేజీ క్యాలెండర్ తెరవండి. కాలిఫోర్నియాలో టర్మ్ సుమారు 20 శాతం గడిచేలోపు వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏమీ కనపడదు. ఆ తర్వాత, ఎక్కువలో ఎక్కువ 75 శాతం వరకు, డబ్ల్యూ పడుతుంది. అదీ దాటితే మామూలుగా గ్రేడే. యూసీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే రాష్ట్రవాసులకు కనీసం 2.4, మిగతావాళ్లకు 2.8 జీపీఏ ఉండాలి, గిరాకీ ఉన్న మేజర్లకైతే అంతకంటే చాలా ఎక్కువే కావాలి కాబట్టి ఎఫ్ ఖాయమనిపిస్తే డబ్ల్యూయే నయం.

తర్వాత ఆ కోర్సు మీ మేజర్‌కి తప్పనిసరా అని అసిస్ట్ వెబ్‌సైట్‌లో (కమ్యూనిటీ కాలేజీ కోర్సుల్లో ఏవి యూసీలో చెల్లుతాయో చూపేది) చూడండి. ఇక్కడ తొందరపడొద్దు. ఇంజినీరింగ్‌కి వెళ్లాలనుకునే పిల్ల ఫాల్‌లో కాల్క్యులస్ 2 వదిలేసిందనుకోండి, స్ప్రింగ్‌లో మళ్లీ అదే తీసుకోవాలి, అప్పుడు కాల్క్యులస్ 3 వేసవికి జరుగుతుంది. మేజర్‌కి కావాల్సిన కోర్సులు స్ప్రింగ్‌కల్లా పూర్తవ్వాలనే యూసీ క్యాంపస్‌లు చాలావరకు చూస్తాయి, అంటే ఒక్క డబ్ల్యూతో ఏడాది పోవచ్చు. అదే ఏ ఎలెక్టివో అయితే పెద్దగా నష్టం లేదు.

ఒకే కోర్సు మళ్లీ మళ్లీ వదిలేస్తుంటే జాగ్రత్త. సాధారణంగా మూడుసార్లకు మించి తీసుకోనివ్వరు, డబ్ల్యూ కూడా అందులో ఒక లెక్కే. జబ్బు చేసో, ఇంట్లో ఆపద వచ్చో వదలాల్సి వస్తే ఈడబ్ల్యూకి (తగిన కారణంతో వదిలేశారని చూపే గుర్తు) దరఖాస్తు పెట్టుకోండి, అది ఆ మూడింటిలోకి రాదు.

యూనిట్లు కూడా లెక్కేసుకోండి. 12 కంటే తగ్గితే ఫైనాన్షియల్ ఎయిడ్ తగ్గొచ్చు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉంటే ఇంకా ప్రమాదం, డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి లేకుండా ఫుల్‌టైమ్ కంటే తగ్గితే స్టేటస్ పోతుంది. ఫ్రీమాంట్, కూపర్టీనో వైపు మన ఇళ్లలో 21 ఏళ్లు నిండి హెచ్-4 (డిపెండెంట్ వీసా) నుంచి ఎఫ్-1కి మారిన పిల్లలున్నారు, అప్పటిదాకా ఈ నిబంధనతో పని పడలేదు కాబట్టి వాళ్లకు ఇది గట్టిగా చెప్పండి.

చివరిది, దాచొద్దు. యూసీ దరఖాస్తులో డబ్ల్యూ వచ్చిన కోర్సులూ రాయాల్సిందే. అప్లై చేశాక వదిలేస్తే జనవరిలో నింపే ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్‌లో మార్చండి. సీటు వచ్చాక వదిలేస్తే నేరుగా ఆ క్యాంపస్ అడ్మిషన్స్ ఆఫీసుకి చెప్పండి. చెప్పకుండా ఊరుకుంటే వచ్చిన సీటు రద్దు చేసే అధికారం వాళ్లకుంది. ఎందుకు వదిలారో, దాని బదులు ఏం తీసుకుంటున్నారో రెండు మూడు వాక్యాల్లో రాసి, వాళ్ల జవాబు భద్రంగా ఉంచుకోండి.