చిన్న కమతం పాఠాలు – 3: నీటి గీత గీయడం

పోయిన రెండు పాఠాల్లో మనం పార ముట్టుకోలేదు. మొదటి పాఠంలో పొలం నాలుగు మూలలా నడిచి కాగితం మీద పటం గీసుకున్నాం. రెండో పాఠంలో గాజు సీసాలో మట్టీ నీళ్లూ పోసి ఊపి, అడుగున చేరిన ఇసుక ఎంతో, దాని మీద ఒండ్రు ఎంతో, పైన బంకమన్ను ఎంతో స్కేలుతో కొలిచాం. ఆ రెండు కాగితాలూ పక్కన పెట్టుకోండి. ఈ పాఠంలో రెండింటితోనూ పని ఉంది.

ఎకరమో రెండెకరాలో చేతికొచ్చిన ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న "ఇందులో ఏం వేస్తే బాగుంటుంది?" అని. పండ్ల చెట్లా, కూరగాయలా, కోళ్లా, తేనెటీగలా, చేపల గుంటా అని పెద్ద జాబితా పట్టుకుని వస్తారు. అవన్నీ మంచి పనులే, వాటి దగ్గరకు మనమూ వస్తాం. కానీ వాన పడ్డప్పుడు ఆ నేల మీద నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా ఏ చెట్టు ఎక్కడ నాటాలో చెప్పడం నాకు చేతకాదు. పెద్ద పొలంలో ఒక మూల ఎండితే ఇంకో మూల ఆదుకుంటుంది. చిన్న కమతంలో ఆ వెసులుబాటు ఉండదు. అందుకే నీళ్లు నిలబెట్టే పని ముందు, నాటడం తర్వాత.

ముందుగా ఒక చిన్న లెక్క. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా 1 లీటరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. కాబట్టి 10 మిల్లీమీటర్ల వానకు ఎకరం మీద 40,470 లీటర్ల నీళ్లు పడతాయి. 15 లీటర్ల బకెట్‌తో మోస్తే దాదాపు 2,700 బకెట్లు. గంటసేపు కురిసి పోయే మామూలు వానే ఇన్ని నీళ్లు తెచ్చి మన గుమ్మంలో పోస్తుంది. అందులో ఎన్ని మన దగ్గర ఉంటున్నాయి, ఎన్ని గట్టు దాటి పోతున్నాయి అన్నదే ప్రశ్న.

దీన్ని ఒక మనిషి జీవితమంతా పట్టుకుని కూర్చున్నాడు. జింబాబ్వేలోని జ్విషవానే ప్రాంతంలో ఉండే జెఫనయా ఫిరి మసెకో. 1927లో పుట్టి 2015లో పోయారు. అప్పటి తెల్లవాళ్ల ప్రభుత్వానికి వ్యతిరేకంగా రాజకీయాల్లో తిరిగినందుకు 1964లో రైల్వే ఉద్యోగం పోయింది. చేతిలో మిగిలింది కుటుంబానికి చెందిన సుమారు 3 హెక్టార్ల నేల, అంటే ఏడెకరాల పైన. అక్కడ ఏడాదికి పడే వాన 570 మిల్లీమీటర్ల దరిదాపు, అదీ కొన్ని ఏళ్లలో మొహం చాటేస్తుంది. ఆయన ముందు చేసిన పని వాన కురుస్తుంటే పొలంలో నిలబడి చూడటం. పొలానికి ఎగువన ఉన్న రాతిగుట్ట మీంచి నీళ్లు దూకుతూ వచ్చి మట్టిని కోసుకుపోతున్నాయి. దాంతో గుట్ట దగ్గరే రాళ్లు అడ్డంగా పేర్చి వాటి వేగం తగ్గించారు. తర్వాత ఆ నీళ్లను ఒక గుంటలోకి మళ్లించి, కొత్తగా వచ్చిన నీళ్లను ఆహ్వానించే చోటు అని దానికి పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వం వాళ్లు అంతకుముందు తవ్వించిన కాలువలు నీళ్లను పొలం బయటికి పంపేలా వాలుగా ఉండేవి. ఆయన వాటిలోనే అక్కడక్కడా లోతైన గుంటలు తీసి, బయటికి పోయే నీళ్లను అక్కడే ఇంకించారు. లెక్క వేయండి: 3 హెక్టార్ల మీద 570 మిల్లీమీటర్లంటే కోటీ 71 లక్షల లీటర్లు. ఆ నీళ్లు ముందూ పడేవి, తర్వాతా పడ్డాయి. మారింది అవి పొలంలో ఉండే సమయం.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న ఒక పద్ధతి ఈ పాఠానికంతటికీ వర్తిస్తుంది. పని ఎప్పుడూ పైనుంచి మొదలుపెట్టాలి. పైన నీళ్లు తక్కువ, వేగమూ తక్కువ, చిన్న అడ్డం చాలు. అదే పల్లంలో మొదలుపెడితే పొలం నీళ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

ఏ-ఫ్రేమ్ కట్టడం

ఇప్పుడు నేల మట్టం చూసే పరికరం తయారు చేసుకుందాం. ఇంగ్లిష్ A అక్షరంలా ఉంటుంది కాబట్టి దీన్ని ఏ-ఫ్రేమ్ అంటారు. మూడు కర్రలు, కాస్త తాడు, ఒక రాయి. అంతే. ఈజిప్టులో సమాధులు కట్టిన సెన్నెద్జెమ్ అనే పనివాడి సమాధిలో కూడా ఇలాంటి మట్టం చూసే పరికరం దొరికింది. దాని వయసు 3,000 ఏళ్ల పైమాటే. మీరు కట్టబోయేదీ అదే సూత్రం మీద పని చేస్తుంది.

రెండు మీటర్ల పొడవున్న నిటారైన కర్రలు రెండు తీసుకుని పైకొసలు కలిపి గట్టిగా కట్టండి. కింది కొసల మధ్య దూరం సరిగ్గా 2 మీటర్లు ఉండేలా విడదీయండి. మూడో కర్రను రెండు కాళ్లకూ సగం ఎత్తులో అడ్డంగా బిగించండి. అది 1.2 మీటర్లుంటే కట్టడానికి వీలుగా ఉంటుంది. పైన ముడి దగ్గర్నుంచి తాడు వేలాడదీసి, దాని చివర పిడికెడంత రాయి కట్టండి. రాయి అడ్డకర్ర కిందికి దిగాలి, తాడు మాత్రం అడ్డకర్రకు ఆనీ ఆననట్టు ఉండాలి. కట్లు వదులుగా ఉంటే కొలత సగంలో మారిపోతుంది, ఇంకో చుట్టు వేసి బిగించండి.

ఇక దానికి మధ్యగుర్తు పెట్టాలి. చాలామంది ఇక్కడ టేపుతో కొలిచి అడ్డకర్ర మధ్యలో గీత గీసేస్తారు. అలా చేయకండి. మీ కర్రలు రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే పొడవు ఉండవు. నేల మీద రెండు చోట్ల పుల్లలు పాతి, ఫ్రేమ్ కాళ్లు వాటి పక్కనే ఆనించి నిలబెట్టండి. రాయి ఊగడం ఆగాక తాడు అడ్డకర్రను దాటే చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇప్పుడు ఫ్రేమ్‌ను తిప్పి, ఎడమ కాలున్న చోట కుడి కాలు, కుడి కాలున్న చోట ఎడమ కాలు వచ్చేలా అవే గుర్తుల మీద నిలబెట్టండి. తాడు ఇంకో చోట ఆగుతుంది, అక్కడా గీత పెట్టండి. ఈ రెండు గీతలకూ సరిగ్గా మధ్యన ఉన్నదే మీ అసలు మట్టం. తాడు ఆ మధ్యగీత మీద నిలిచిందంటే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. కర్రలు వంకరవైనా, పొడవులు తేడా అయినా ఈ పద్ధతిలో లెక్క తప్పదు.

గాలి ఉన్నప్పుడు రాయి ఊగుతూనే ఉంటుంది, ఓపిక పోతుంది. తెల్లవారుజామున గాలి పడిపోయినప్పుడు ఈ పని పెట్టుకోండి. లేదంటే రాయి బదులు నీళ్లు నింపిన సీసా కట్టండి, బరువుకు త్వరగా ఆగుతుంది.

గీత గీయడం

పొలంలో ఎత్తైన వైపు, గట్టుకు కాస్త కిందగా ఒక పుల్ల పాతండి. ఒక కాలు అక్కడ ఆనించి, రెండో కాలిని వాలుకు అడ్డంగా, పైకీ కిందికీ మెల్లగా జరుపుతూ పోండి. తాడు మధ్యగీత మీదకు వచ్చిన చోట ఆపి అక్కడ రెండో పుల్ల. ఇప్పుడు రెండో కాలిని కదపకుండా, మొదటి కాలిని చుట్టూ తిప్పి ముందుకు తీసుకుపోండి. మళ్లీ మధ్యగీత, మళ్లీ పుల్ల. ఇలా పొలం అవతలి కొస దాకా. పుల్లల వరుస వంకరటింకరగా పోతుంది. అది మీ నేల ఆకారం. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే ఈ గీతనే కాంటూరు అంటారు. దీని వెంటే మనం కందకం తవ్వి వాన నీళ్లు నిలబెట్టబోతున్నాం.

కాలు పెట్టే చోట మట్టిగడ్డ ఉన్నా, పశువు అడుగు దిగిన గుంట ఉన్నా ఒక జానెడు పక్కకు జరిగి పెట్టండి. చివరికి వెనక్కి తిరిగి చూసినప్పుడు ఒక్క పుల్ల మాత్రం వరుస తప్పి ఉంటే మళ్లీ కొలవండి. చాలాసార్లు అది గడ్డ మీద పడి ఉంటుంది.

ఇదంతా ఎందుకు, కంటికే తెలుస్తుంది కదా అనిపించవచ్చు. నేను మొదటి కందకం అలాగే తవ్వాను. 40 మీటర్ల పొడవున నేల బల్లపరుపుగా కనిపించింది, తాడు లాగి తవ్వించేశాను. మొదటి పెద్దవానకే నీళ్లన్నీ ఒక కొసకు చేరాయి, తెల్లారేసరికి అక్కడ కట్ట తెగి ఉంది. దిగువన నాటిన 11 మొక్కల్లో ఏడు వేళ్లతో సహా కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఏ-ఫ్రేమ్‌తో కొలిస్తే ఆ కొస 28 సెంటీమీటర్లు పల్లంలో ఉంది. 40 మీటర్ల దూరంలో అంత తేడా కంటికి ఆనదు. అరపూట కొలతకు బద్ధకించి రెండేళ్ల మొక్కలు పోగొట్టుకున్నాను. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

వాలు ఎంతో కూడా ఈ ఫ్రేమే చెబుతుంది. ఈసారి దాన్ని వాలు వెంబడి నిలబెట్టండి. కింది కాలిని గాల్లోకి లేపుతూ తాడు మధ్యగీతకు వచ్చేదాకా ఎత్తి, ఆ కాలి కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి. కాళ్ల మధ్య 2 మీటర్లు కాబట్టి 10 సెంటీమీటర్ల ఖాళీ అంటే 5 శాతం వాలు, 6 సెంటీమీటర్లయితే 3 శాతం. నా మాట వింటే, 15 శాతం దాటిన చోట కందకం తవ్వకండి. నీళ్లు తాగి బరువెక్కిన మట్టి జారుతుంది. అలాంటి చోట లోతుగా వేళ్లు పోయే గడ్డి, చెట్లు కాంటూరు వెంట నాటి వదిలేయడం మేలు. ఇంటి పునాదికి గానీ సెప్టిక్ ట్యాంకుకు గానీ ఎగువన కూడా తవ్వొద్దు.

ఎంత లోతు?

ఇక్కడ సీసా పరీక్ష కాగితం తీయండి. నీళ్లు నేలలోకి దిగే వేగం మట్టిని బట్టి మారుతుంది. నేల బాగా తడిశాక ఇసుక నేలలో గంటకు 30 మిల్లీమీటర్ల పైన దిగుతాయి. ఇసుక, ఒండ్రు, బంక సమపాళ్లలో కలిసిన నేలలో 10 నుంచి 20, బంకమన్నులో 1 నుంచి 5. మీ నేల సంగతి మీరే తేల్చుకోవచ్చు. జానెడు వెడల్పున్న డబ్బాకు పైనా కిందా మూతలు కోసేసి, 5 సెంటీమీటర్లు నేలలోకి దించండి. లోపల గుడ్డ పరిచి నీళ్లు పోయండి, లేకపోతే ధార పడ్డచోట మట్టి లేచిపోతుంది. మొదటి దఫా నీళ్లను లెక్కలోకి తీసుకోవద్దు, పొడినేల ఎప్పుడూ ఆత్రంగానే తాగుతుంది. రెండో దఫా పోశాక స్కేలు పెట్టి గంటకు ఎంత దిగిందో రాసుకోండి. మిట్ట మీద ఒకసారి, మధ్యలో ఒకసారి, పల్లంలో ఒకసారి.

అర మీటరు లోతు కందకం నిండిందనుకుందాం. గంటకు 20 మిల్లీమీటర్లు దిగే నేలలో అది 25 గంటల్లో ఖాళీ అవుతుంది. గంటకు 2 మిల్లీమీటర్లే దిగితే 250 గంటలు, అంటే పది రోజులు. పక్కగోడల్లోకి ఇంకేది కలిపితే కొంచెం తగ్గుతుంది గానీ, వారం దాటి నిలిచిన నీళ్లలో దోమలు పుడతాయి, ఆనుకుని ఉన్న చెట్ల వేళ్లు కుళ్లుతాయి. కాబట్టి బంకనేలలో లోతు జానెడుకే ఆపి వెడల్పు పెంచండి.

తవ్వడం

మామూలు నేలలో అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు చాలు. పుల్లల వరుస వెంబడి ముందు పైమట్టిని వేరుగా తీసి ఎగువన పోసుకోండి, మొక్కలకు అదే ప్రాణం. అడుగు మట్టిని దిగువ వైపు, కందకం అంచుకు ఒక అడుగు దూరం వదిలి కట్టగా పోసి తొక్కండి. అంచుమీదే పోస్తే మొదటి వానకు తిరిగి కందకంలోకే జారుతుంది. ప్రతి 8, 10 మీటర్లకు ఒక మూర నేల తవ్వకుండా అడ్డుగట్టులా వదలండి. కొలతలో ఎక్కడైనా చిన్న తప్పు జరిగినా నీళ్లన్నీ ఒక కొసకు పరుగెత్తకుండా ఈ అడ్డుగట్లు ఆపుతాయి. నా కట్ట తెగింది ఇవి లేకనే.

ప్రతి కందకానికీ అలుగు, అంటే నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోయే దారి, ఉండాలి. గట్టి నేల, దట్టమైన గడ్డి ఉన్న చోట చూసి, కట్ట పైఅంచు కంటే ఒక బెత్తెడు కిందగా, మీటరు వెడల్పున వదలండి. రాళ్లు పరిస్తే ఇంకా మంచిది. అలుగు దాటిన నీళ్లు కింది కందకంలోకి పోవాలి, పక్కవాళ్ల చేలోకి పోకూడదు.

10 మీటర్ల కందకంలో 2,500 లీటర్లు పడతాయి. ఎకరం నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్ల దాకా వస్తుంది. 3 శాతం వాలుకు 20 మీటర్లకొకటి చొప్పున 60 మీటర్ల కందకాలు మూడు తీస్తే 45,000 లీటర్లు, అడ్డుగట్లు ఆక్రమించే చోటు మినహాయిస్తే ఇంకాస్త తక్కువ. ఎకరం మీద 40 మిల్లీమీటర్ల పెద్దవాన పడి అందులో నాలుగో వంతు పారిందనుకుంటే అది దాదాపు 40,000 లీటర్లు. సరిగ్గా సరిపోయింది. కానీ 45 ఘనపు మీటర్ల మట్టి అంటే మాటలు కాదు. ఒక్క మనిషి రోజుకు 2 ఘనపు మీటర్లు తవ్వినా మూడు వారాల పైన పడుతుంది. అందుకే ఈ ఏడు పై కందకం ఒక్కటే తవ్వండి. ఒక వానాకాలం దాని నడవడి చూశాక రెండోది.

వచ్చే పాఠం లోపు చేయాల్సినవి: ఏ-ఫ్రేమ్ కట్టి మధ్యగుర్తు పెట్టడం, మూడు చోట్ల డబ్బా పరీక్ష, పై గీతకు పుల్లలు పాతడం. పార ఇంకా పట్టకండి. ముందు ఒక వానకు గొడుగు పట్టుకుని పుల్లల వరుస పక్కన నిలబడి, నీళ్లు దాన్ని ఎక్కడెక్కడ దాటుతున్నాయో పటం మీద గుర్తు పెట్టుకోండి. ఎక్కువగా దాటే చోట కట్ట వెడల్పు పెంచాలి. నాలుగో పాఠంలో ఆ పటం మీదే చెట్లకు చోట్లు చూద్దాం: కట్ట దిగువ అంచున ఏవి నాటాలి, కందకంలో ఏ ఆకూ అలమా నింపాలి, కోళ్లగూడు ఎగువన ఎందుకు పెట్టాలి.