అమెరికాలో సొంత వస్తువు అమ్ముకోవడం – 4వ పాఠం: జమ వేరు, వసూలు వేరు

పోయిన పాఠంలో కారు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూశాం. ఎప్పుడు పెట్టాలన్నది మాత్రం "డబ్బు చేతికి వచ్చాక" అని ఒక్క మాటతో దాటేశాను. డబ్బు చేతికి రావడం అంటే ఏమిటి? ఈ పాఠమంతా దాని గురించే.

క్యాషియర్స్ చెక్ చూడగానే మనకు ఇంటి దగ్గరి డీడీ గుర్తొస్తుంది. ముందు డబ్బు కడితేనే బ్యాంకు డీడీ ఇస్తుంది కాబట్టి అది బౌన్స్ కాదని చిన్నప్పటి నుంచీ మన నమ్మకం. అసలైన క్యాషియర్స్ చెక్ విషయంలో ఆ నమ్మకం చాలావరకు సరైనదే. బ్యాంకు తన మీద తానే రాసుకునే చెక్ అది. చిక్కల్లా ఆ కాగితం నిజంగా ఆ బ్యాంకు నుంచి వచ్చిందా అన్న దగ్గరే. నకిలీదైతే, పైన ఎంత పెద్ద బ్యాంకు పేరు అచ్చేసి ఉన్నా ఆ బ్యాంకు మనకు ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వని మాటకు డబ్బు కట్టమని దాన్ని అడగలేం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టెక్సాస్‌లో చదువు ముగించుకుని ఇండియా వెళ్లిపోతున్న రవి తన పాత కొరోలా కారును ఆన్‌లైన్‌లో 6,500 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. కొనేవాడు గురువారం క్యాషియర్స్ చెక్ తెచ్చాడు. రవి తొందరపడలేదు. స్వయంగా బ్యాంకుకెళ్లి కౌంటర్లో డిపాజిట్ చేసి, డబ్బు పడ్డాకే కారు ఇస్తానన్నాడు. శుక్రవారం పొద్దున ఖాతాలో 6,500 కనిపించింది. టైటిల్ మీద సంతకం పెట్టి తాళాలు ఇచ్చేశాడు. తర్వాతి బుధవారం చెక్ నకిలీదని తిరిగొచ్చింది. బ్యాంకు 6,500 వెనక్కి తీసేసుకుంది.

రవి జాగ్రత్తపడలేదని అనలేం. జమ పడటాన్ని వసూలు కావడం అనుకున్నాడు, అంతే. ఖాతాలో అంకె కనిపిస్తే అది జమ; చెక్ రాసిన బ్యాంకు తుదిగా చెల్లిస్తేనే వసూలు.

శుక్రవారం ఆ డబ్బు ఎందుకు కనిపించిందంటే, చట్టం అలా చూపించమంది కాబట్టి. ఒకప్పుడు బ్యాంకులు చెక్కు డబ్బును రోజుల తరబడి ఆపేసేవి. జనం ఇబ్బంది చూసి అమెరికా కాంగ్రెస్ 1987లో ఒక చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనలనే రెగ్యులేషన్ సీసీ అంటారు. ఖాతాదారు తన పేరున ఉన్న క్యాషియర్స్ చెక్‌ను కౌంటర్లో ఇస్తే మామూలుగా మర్నాటి పనిదినానికి డబ్బు వాడుకోనివ్వాలి. చెక్ మీద సహేతుకమైన అనుమానం ఉంటే బ్యాంకు ఇంకొంత కాలం ఆపవచ్చు; ఒకే రోజు చెక్కు డిపాజిట్లు 6,725 డాలర్లు దాటితే ఆ పై మొత్తాన్ని కూడా ఆపవచ్చు. ఈ పరిమితి 2025 జూలై 1కి ముందు 5,525. ఖాతాదారుకు మేలు చేయడానికి పెట్టిన ఈ గడువే మోసగాడికి కలిసొస్తోంది. చెక్ ఇంకా అవతలి బ్యాంకుకు చేరకముందే మన ఖాతాలో అంకె కనిపిస్తుంది. అప్పటికి మన బ్యాంకు మనల్ని నమ్మి అప్పుగా ఇచ్చిన డబ్బు లాంటిదే అది.

ఇక నష్టం ఎవరి మీద పడుతుందో వరుసగా చూద్దాం. దీనికి ఆధారం యూనిఫాం కమర్షియల్ కోడ్, అంటే వ్యాపార లావాదేవీలకు రాసిన నమూనా చట్టం. రాష్ట్రాలు దీన్ని తమ చట్టంగా చేసుకున్నాయి. అమ్మకాల గురించిన 2వ అధ్యాయాన్ని లూసియానా మాత్రం తీసుకోలేదు.

మొదట మన బ్యాంకు. 4-214 సెక్షన్ ప్రకారం, చెక్ వసూలు కాకపోతే ఇచ్చిన జమను వెనక్కి తీసుకునే హక్కు దానికి ఉంది. మనం ఆ డబ్బు ఖర్చుపెట్టేసినా ఆ హక్కు పోదు. ఖాతా మైనస్‌లోకి వెళితే ఆ బాకీ మనదే. చెక్ తిరిగొచ్చిన సంగతి తెలిశాక బ్యాంకు మనకు చెప్పడంలో ఆలస్యం చేసి, ఆ ఆలస్యం వల్లే మనకు నష్టం జరిగితే, అంతవరకు దాన్ని అడగవచ్చు. తేదీలన్నీ రాసిపెట్టుకోమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

"క్లియర్ అయిందని మా బ్యాంకువాళ్లే చెప్పారు" అంటే సరిపోతుందా? 2011లో న్యూయార్క్ కోర్ట్ ఆఫ్ అపీల్స్ ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. మోసపోయింది ఒక లా ఫర్మ్. 1,97,750 డాలర్ల నకిలీ చెక్ డిపాజిట్ చేసి, బ్యాంకును అడిగి, 1,87,750 డాలర్లు హాంకాంగ్‌కు వైర్ చేసేసింది. "క్లియర్ అయింది" అన్న మాటకు ఒకే అర్థం లేదని, డబ్బు వాడుకోవచ్చన్నంత మాత్రమే కావచ్చని, దాన్ని పట్టుకుని ముందుకెళ్లడం తగదని కోర్టు తేల్చింది. నష్టం లా ఫర్మ్‌దే అయింది. లాయర్లకే అలా జరిగింది.

కాబట్టి బ్యాంకులో అడగాల్సిన ప్రశ్న మార్చుకోండి. "క్లియర్ అయిందా?" అనకండి. "చెక్ రాసిన బ్యాంకు తుదిగా చెల్లించిందా, ఇంకా వెనక్కి వచ్చే అవకాశం ఉందా?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వసూలు కాలేదనే అనుకోండి.

రెండోది, చెక్ మీద పేరున్న బ్యాంకు. చెక్ తన దగ్గరికి చేరిన మర్నాటి పనిదినం అర్ధరాత్రిలోగా అది తిప్పి పంపాలి. గడువు దాటితే, నష్టం నకిలీ అని తెలియని డిపాజిటరు మీద కాకుండా ఆ బ్యాంకు మీదే పడవచ్చు. 1762లో ఇంగ్లండ్‌లో ప్రైస్ వర్సెస్ నీల్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ చెప్పిన సూత్రం దీని వెనుక ఉంది. చెక్ తిరిగొచ్చిన తేదీలు చూసి లాయరును అడగడం మంచిదే. కానీ దీని మీద ఆశ పెట్టుకుని కారు ఇవ్వకండి.

మూడోది కారు. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇదే. చెల్లని చెక్ ఇచ్చి వస్తువు తీసుకున్నవాడికి కూడా, రద్దు చేయదగినదే అయినా, ఒక రకమైన హక్కు వస్తుందని 2-403 సెక్షన్ చెబుతోంది. కారు ఇంకా వాడి దగ్గరే ఉంటే రవి వెనక్కి అడగవచ్చు. ఈలోగా వాడు ఏ పాపం తెలియని మూడో మనిషికి డబ్బు తీసుకుని అమ్మేస్తే, ఆ మూడో మనిషి హక్కు నిలుస్తుంది. టైటిల్ మీద రవి సంతకం ఉంది కదా! ధర చెల్లించాల్సిన బాధ్యత మోసగాడికి ఇంకా ఉంటుంది, కానీ వాడి అసలు పేరు కూడా మనకు తెలియదు.

వీసా మీద ఉన్నవాళ్లు "నామీద కేసు అవుతుందా" అని టెన్షన్ పడి ఫిర్యాదే చేయరు. నకిలీ చెక్ నేరానికి మోసం చేసే ఉద్దేశం ఉండాలి. తెలియక డిపాజిట్ చేసినవారు బాధితులే. అనుమానం వచ్చాక కూడా డిపాజిట్ చేయడం, ఆ డబ్బు తీసేయడం వేరు సంగతి. మోసం బయటపడగానే బ్యాంకుకు, స్థానిక పోలీసులకు, ఎఫ్‌టీసీకి (వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ), ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3కి (ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కేంద్రం) చెప్పండి. చెక్ పోస్టులో వస్తే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్‌కు కూడా.

మరి రవి ఏం చేసి ఉండాల్సింది? కొనేవాడితో కలిసి వాడి బ్యాంకు బ్రాంచికే వెళ్లి, కౌంటర్లో టెల్లర్ చెక్ రాసి ఇస్తుండగా కళ్లారా చూసి తీసుకోవాల్సింది. దీన్ని మించిన పద్ధతి లేదు. ఫోన్ చేసి అడిగితే చెక్ మీద అచ్చేసిన నంబరుకు చేయకండి, అది మోసగాడిదే కావచ్చు. బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ వారి బ్యాంక్‌ఫైండ్ అనే వెబ్ పేజీలో బ్యాంకును వెతికి, దాని సొంత సైట్‌లోని నంబరు పట్టుకోండి. చెక్ నంబరు, మొత్తం, ఎవరి పేరున రాశారు, మూడూ చెప్పి సరిచూసుకోండి. నిజమైన చెక్ నంబరునే కాపీ కొట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి, ఫోన్లో సరిపోయిందన్నా బ్రాంచిలో కళ్లారా చూసినంత గట్టి కాదు. శనివారం సాయంత్రం, బ్యాంకులు మూసేశాక బేరం ముగిద్దామంటే సోమవారం రమ్మనండి.

అభ్యాసం: మీరు సోఫా 900 డాలర్లకు అమ్ముతున్నారు. కొనేవారు 2,400 డాలర్ల క్యాషియర్స్ చెక్ పంపి, మిగతా 1,500 సామాన్లు మోసేవాళ్లకు జెల్‌లో (ఫోన్ నుంచి బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే సేవ) పంపమన్నారు. మర్నాడు 2,400 కనిపించింది. మీరు 1,500 పంపారు, మోసేవాళ్లు సోఫా తీసుకెళ్లారు. వారం తర్వాత చెక్ తిరిగొచ్చింది. మీ నష్టం మొత్తం ఎంత? అందులో ఏ భాగాన్ని ఎవరి నుంచి అడగగలరు? ఒక సూచన: జెల్ పంపింది మీరే కాబట్టి, అనుమతి లేని లావాదేవీలకు రెగ్యులేషన్ ఈ (ఎలక్ట్రానిక్ చెల్లింపుల ఫెడరల్ నిబంధనలు) ఇచ్చే రక్షణ దానికి వర్తించదు. లెక్క కాగితం మీద వేసి ఉంచండి, 5వ పాఠం దానితోనే మొదలుపెడదాం.