కొలెస్ట్రాల్ మాత్ర పడనప్పుడు జన్యువుల సంగతి తేల్చుకోవడం ఎలా?

ఒకే డాక్టరు ఇద్దరికి ఒకే కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే, ఒకరు పదేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా వేసుకుంటారు, మరొకరు రెండు నెలలు తిరక్కుండానే తొడలు పట్టేస్తున్నాయని మానేస్తారు. "ఆ మందు నాకు పడలేదు" అన్న మాట మన ఇళ్లలో తరచూ వినబడేదే. అయితే ఏ మందు, ఎంత మోతాదులో, వేరే ఏ మందు తోడుగా ఉన్నప్పుడు పడలేదన్నది రాసిపెట్టుకునేవారు చాలా తక్కువ. మా అమ్మ విషయంలో మేమూ రాసుకోలేదు. వంటింట్లో పీట మీద నుంచి లేవడానికి ఆమె గోడ పట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు అది మోకాళ్ల అరుగుదలే అనుకుని నూనె రాస్తూ కూర్చున్నాం. అప్పుడు ఏం చేసి ఉండాల్సిందో తర్వాత నేర్చుకున్నాను కాబట్టి, ఆ వరుసలోనే ఇక్కడ చెబుతున్నాను.

మొదట మందు నడిచే దారిని తెలుసుకోండి

మింగిన మాత్ర పేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి కాలేయంలోకి, అక్కడి నుంచి పైత్యరసంలోకో మూత్రంలోకో వెళుతుంది. ఈ దారిలో ప్రతి మలుపు దగ్గరా కణాల గోడల్లో రవాణా ప్రోటీన్లు ఉంటాయి. కొన్ని మందును లోపలికి లాగుతాయి, కొన్ని బయటికి నెడతాయి. స్టాటిన్లు అనే కొలెస్ట్రాల్ మందులు పనిచేయవలసిన చోటు కాలేయం. వాటిని రక్తంలో నుంచి కాలేయ కణంలోకి లాగే ముఖ్యమైన ప్రోటీన్ పేరు ఓఏటీపీ1బీ1. దాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌ఎల్‌సీఓ1బీ1. ఈ జన్యువులో 521వ స్థానంలో టి అనే డీఎన్‌ఏ అక్షరానికి బదులు సి ఉన్నవారిలో ఆ ప్రోటీన్ మందగిస్తుంది. కాలేయంలోకి పోవలసిన మందు రక్తంలోనే ఎక్కువగా మిగిలి కండరాలకు చేరుతుంది కాబట్టి, నొప్పి తొడల్లో తేలినా లోపం మొదలైన చోటు కాలేయపు గుమ్మం.

దీనికి గట్టి ఆధారం 2008లో బ్రిటన్ నుంచి వచ్చింది. గుండెపోటు వచ్చి కోలుకున్న దాదాపు 12,000 మందిపై జరిగిన సెర్చ్ అనే అధ్యయనంలో, రోజుకు 80 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్ వేసుకుంటూ కండరాలు దెబ్బతిన్నవారి జన్యువులను ఏ ఇబ్బందీ రాని వారి జన్యువులతో పోల్చారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులూ మారినవారిలో దాదాపు 18 శాతం మందికి, ఒక్క ప్రతి మారినవారిలో సుమారు 3 శాతం మందికి, మార్పు లేనివారిలో 0.6 శాతం మందికి ఆ ముప్పు ఉన్నట్టు తేలింది. 80 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్‌ను ఇక కొత్తగా ఎవరికీ మొదలుపెట్టవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో చెప్పింది. ఈ అంకెలు ఆ మందుకు, ఆ పెద్ద మోతాదుకు చెందినవి. మీరు వేసుకునే 10 మిల్లీగ్రాముల మాత్రకు వాటిని అంటగట్టి భయపడవద్దు.

నొప్పి మొదలైన రోజే కాగితం తీయండి

మాత్ర పట్టీ వెనుక చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు, మొదలుపెట్టిన తేదీ, మోతాదు మార్చిన తేదీ, నొప్పి మొదలైన తేదీ రాయండి. స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు వైపులా, తొడలు, పిరుదులు, భుజాలు వంటి పెద్ద కండరాల్లో వస్తుంది. ఒక్క మోకాలే నొప్పి పెడుతుంటే కారణం వేరే అయి ఉండే అవకాశం ఎక్కువ. చేతుల సాయం లేకుండా కుర్చీలో నుంచి లేవగలుగుతున్నారో లేదో కూడా చూసి రాయండి. నొప్పికీ బలహీనతకూ తేడా డాక్టరుకు చాలా చెబుతుంది.

తర్వాత, గత రెండు నెలల్లో వేసుకున్న ఇతర మందులన్నీ, నాలుగు రోజుల దగ్గు మందుతో సహా, చేర్చండి. మా ఇంట్లో సంగతి బయటపడింది ఇక్కడే. అమ్మ అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు వేసుకుంటుండగా, దగ్గుకని మరొక చోట చూపించుకుంటే క్లారిత్రోమైసిన్ ఇచ్చారు. ఆ యాంటీబయోటిక్ స్టాటిన్‌ను విరిచే ఎంజైమును అడ్డుకోవడమే కాక ఓఏటీపీ1బీ1 పనిని కూడా తగ్గిస్తుంది. రెండు బిళ్లల గుంటలు మాత్రమే మిగిలిన ఖాళీ పట్టీ ముక్క మందుల డబ్బా అడుగున దొరికేదాకా మాకెవరికీ అది గుర్తు రాలేదు. అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్, రక్తంలో కొవ్వు తగ్గించే జెమ్‌ఫైబ్రోజిల్ కూడా ఇలాంటి చిక్కే తెస్తాయి. పంపర పనస ఎక్కువగా తినే అలవాటుంటే, ముఖ్యంగా సిమ్వాస్టాటిన్ లేదా అటోర్వాస్టాటిన్ వేసుకునేవారు, అదీ రాయండి.

మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి మారినా, కండరాల్లో తీవ్రమైన నొప్పి, బలహీనత, జ్వరం కలిసి వచ్చినా కాగితాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కరిగిన కండరపు ప్రోటీన్ మూత్రపిండాలను దెబ్బతీయగలదు. అలాంటి లక్షణాలు లేనప్పుడు మాత్రం మందును సొంతంగా మానవద్దు, ముఖ్యంగా గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు. డాక్టరుకు ఫోన్ చేసి, ఎన్నాళ్లు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోండి.

జన్యు పరీక్ష కన్నా ముందు మామూలు పరీక్షలు

సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, మూత్రపిండాల కోసం క్రియాటినిన్, విటమిన్ డి పరీక్షలు చేయించమని అడగండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి స్టాటిన్ లేకపోయినా కండరాలు పట్టేస్తాయి. ఇంకొక నిజాన్ని కూడా ఒప్పుకోవాలి. 2020లో లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు, స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా చూస్తే, స్టాటిన్‌తో వచ్చిన బాధలో సుమారు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. ఆ బాధ అబద్ధమని దీని అర్థం కాదు. దానికి కారణం మాత్రలోని రసాయనం కాకపోవచ్చునని మాత్రమే. అందుకే ప్రతి ఒళ్లు నొప్పికీ జన్యు పరీక్ష చేయించాలని నేను అనను. సీపీకే పెరిగినా, రెండు వేర్వేరు స్టాటిన్లు పడకపోయినా, ఇంట్లో దగ్గరివారికి ఇలాగే జరిగినా అడగడం సబబు.

పరీక్షను అడగడం, రిపోర్టు చదవడం

రక్తం లేదా బుగ్గ లోపలి తడి ఇస్తే చాలు, ఉపవాసం అక్కర లేదు. పుట్టుకతో వచ్చిన జన్యువులు మారవు కాబట్టి ఒకసారి చేయిస్తే జీవితాంతం పనికొస్తుంది. స్టాటిన్ల కోసమైతే ఎస్‌ఎల్‌సీఓ1బీ1తో పాటు ఏబీసీజీ2 కూడా ఉందో లేదో ముందే కనుక్కోండి. ఈ రెండవది మందును కణంలో నుంచి బయటికి నెట్టే పంపును తయారుచేస్తుంది. అది మందగిస్తే రోసువాస్టాటిన్ రక్తంలో పెరుగుతుంది.

రిపోర్టులో ఎస్‌ఎల్‌సీఓ1బీ1 పనితీరు గురించి సాధారణం, తగ్గినది, బలహీనం అనే అర్థం వచ్చే మాటల్లో ఒకటి ఉంటుంది. తగ్గినదని వస్తే ఒక ప్రతి, బలహీనమని వస్తే సాధారణంగా రెండు ప్రతులూ మారాయన్నమాట. దాని ఫలితం స్టాటిన్లు వద్దని కాదు. సిమ్వాస్టాటిన్‌కు ఈ లోపం ఎక్కువ ప్రమాదకరం. వేరే స్టాటిన్‌ను తక్కువ మోతాదులో వాడవచ్చు, లేదా స్టాటిన్ కాని మరో కొలెస్ట్రాల్ మందు ఎజెటిమైబ్‌ను జతచేయవచ్చు. భారతీయ మూలాలున్నవారితో సహా ఆసియావాసుల్లో రోసువాస్టాటిన్ రక్తంలో సుమారు రెండింతలు చేరుతుందని అమెరికాలో ఆ మందు సమాచార పత్రమే చెబుతూ, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటుంది. అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లి కొత్త డాక్టరుకు చూపించుకునే మన పెద్దవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లడం మంచిది. సాధారణమని వచ్చినా నొప్పి ఉంటే డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే ఈ జన్యువు ఒక కారణమే.

ఇంటిల్లిపాదికీ ఒక కాగితం

కొన్ని మందులు పడకపోవడం వంశంలో నడవవచ్చు కాబట్టి, అదే కాగితం మీద అమ్మ వైపు, నాన్న వైపు వివరాలు కూడా రాయండి. ఇందులో మన ప్రాంతానికి బాగా దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్య కుటుంబాలది. వారిలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతావారి కన్నా చాలా ఎక్కువగా కనబడుతుంది. ఆపరేషనుకు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను వదులుచేసే సక్సినైల్ కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది, కానీ ఈ లోపమున్నవారిలో గంటల తరబడి నిలిచి, ఊపిరి తీసుకోవడానికి వెంటిలేటరు అవసరమవుతుంది. "మా బాబాయికి ఆపరేషన్ తర్వాత చాలాసేపు ఊపిరి అందలేదు" అన్న ఒక్క మాట మత్తు డాక్టరుకు ముందే చెబితే, ఆయన రక్త పరీక్ష చేయించి వేరే మందు ఎంచుకుంటారు. స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ సంగతి కూడా అడగాలి. సీవైపీ2సీ19 అనే ఎంజైము సరిగా లేనివారిలో ఆ మందు పూర్తిగా చురుకెక్కదు, దక్షిణాసియా ప్రజల్లో అలాంటివారు తక్కువేమీ కాదు.

కాగితానికి ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి. మా అమ్మ రిపోర్టులో ఎస్‌ఎల్‌సీఓ1బీ1 ఒక ప్రతి మారినట్టు వచ్చింది. సీపీకే తగ్గాక డాక్టరు రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టారు, ఇప్పుడు ఆమె పీట మీద నుంచి గోడ పట్టుకోకుండానే లేస్తోంది. ఆమె ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో జన్యువు పేరు, కింద "క్లారిత్రోమైసిన్ ఇచ్చే ముందు అడగండి" అని రాసి ఉంది. జలుబుకు వెళ్లినా సరే, ఆ పేజీ తెరిచి డాక్టరు బల్ల మీద పెట్టిన తర్వాతే ఆమె కూర్చుంటుంది.