హంతకురాలెవరో చెప్పేయండి, పిట్టను మాత్రం దాచండి: ‘ట్రైఫిల్స్’ నాటకం క్లాసులో చెప్పే పద్ధతి

సూజన్ గ్లాస్పెల్ 1916లో రాసిన ‘ట్రైఫిల్స్’ ఏకాంకిక అమెరికాలో పొలాల మధ్య ఉన్న ఒక ఒంటరి ఇంట్లో జరుగుతుంది. ఇంటాయన జాన్ రైట్‌ని నిద్రలోనే మెడకు తాడు బిగించి చంపేశారు. భార్య మిన్నీ జైల్లో ఉంది. షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి), కౌంటీ అటార్నీ (ప్రభుత్వ వకీలు), శవాన్ని మొదట చూసిన పొరుగు రైతు హేల్ దర్యాప్తుకు వస్తారు. వాళ్ల వెంట షెరీఫ్ భార్య మిసెస్ పీటర్స్, హేల్ భార్య వస్తారు. మర్డర్ మిస్టరీకి కావలసిన సరంజామా అంతా ఉంది కాబట్టి ‘చంపిందెవరు?’ అనే సస్పెన్స్‌తో పాఠం మొదలుపెట్టాలనిపిస్తుంది. నా మాట వింటే ఆ పని చేయకండి. బజారు గైడు తెరిస్తే మొదటి పేజీలోనే జవాబుంటుంది. పైగా నాటకంలో అటార్నీకి కూడా ఆ విషయంలో పెద్ద అనుమానం లేదు. అతనికి దొరకనిది కారణం. అది చూపించకపోతే జ్యూరీ, అంటే కోర్టులో తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, ఆడమనిషికి శిక్ష వేయదని అతని బెంగ.

అందుకని మొదటి రోజే బోర్డు మీద రెండు లైన్లు రాసేస్తాను. ఎవరు: మిన్నీ. ఎందుకు: ఖాళీ. ఆ ఖాళీని నింపడమే క్లాసు పని.

నేను నల్లగొండ వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. పిల్లల్లో సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఈ పద్ధతి వాళ్లతో కుదిరింది కాబట్టి ఇంకెక్కడైనా కుదురుతుందనే నా నమ్మకం.

ముందు వంటగది

డైలాగుల జోలికి పోకుండా మొదటి పీరియడ్ అంతా స్టేజ్ డైరెక్షన్స్ మీద పెట్టండి. నాటకాల్లో బ్రాకెట్లలో ఉండే ఇటాలిక్స్‌ని పిల్లలు దాటేసి పోతారు. ఈ నాటకంలో సాక్ష్యం సగం వాటిలోనే ఉంది. తెర లేచేసరికి కనిపించేది ఖాళీ వంటగది: సింకు కింద కడగని గిన్నెలు, డబ్బాలో పెట్టకుండా బయట వదిలేసిన రొట్టె, బల్ల మీద గుడ్డ. ఆ వంటగదిని నోట్‌బుక్‌లో బొమ్మ వేయమనండి. వేసేటప్పుడు వాళ్లకే అర్థమవుతుంది, ఇది చెత్తగా ఉంచుకున్న ఇల్లు కాదు, పనులు మధ్యలో ఆగిపోయిన ఇల్లు అని. ఇదే వంటగదిని చూసి అటార్నీ గిన్నెల్ని బూటుకాలితో తన్ని, ఇల్లాలికి ఇల్లు చక్కబెట్టుకోవడం రాదని తేలుస్తాడు. ఆయన మొదటి పొరపాటు అదే. దాన్ని మీరు చెప్పకండి, వాళ్లే పట్టుకుంటారు.

పండ్ల సీసాల దగ్గర కాస్త ఆగాలి. మిన్నీ వేసవిలో చెర్రీలు చక్కెరపాకంలో నిల్వ చేసుకుంది. ఆమెను జైలుకు తీసుకెళ్లాక పొయ్యి ఆరిపోయింది. రాత్రి చలి ఫారన్‌హీట్ లెక్కలో సున్నా కిందికి, అంటే మన లెక్కలో మైనస్ 18 దాకా పోయింది. లోపలిది గడ్డకట్టి ఉబ్బి సీసాలు పగిలాయి. ఒక్కటి మిగిలింది. మన పిల్లలకు చలికి గాజు పగలడం అనేదే వింత, కాబట్టి ఆ ఫిజిక్స్ చెప్పి తీరాలి. హత్యకేసులో ఇరుక్కుని పండ్ల సీసాల గురించి దిగులా అని షెరీఫ్ నవ్వుతాడు. అక్కడ నేను అడిగేది ఒక్కటే: మీ అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ మొత్తం బూజు పడితే ఇంట్లో ఏమవుతుంది? ఆ తర్వాత షెరీఫ్ నవ్వుకు క్లాసులో ఎవరూ నవ్వరు.

హేల్ వాంగ్మూలం

రెండో పీరియడ్‌లో హేల్ చెప్పే పొడవాటి కథనం. అందులో భాష పల్లెటూరి ఇంగ్లీషు, వ్యాకరణం అటూ ఇటూగా ఉంటుంది. పిల్లలు ‘మేడమ్, ఇది తప్పు కదా’ అంటారు. రైతు మాట్లాడే భాష అదే అని చెప్పి, ఒకసారి ఇంగ్లీషులో చదివించాక, అదే సంగతిని వాళ్ల ఊళ్లో ఎవరైనా పోలీసులకు చెబుతున్నట్టు చెప్పమనండి. మా క్లాసులో ఒకబ్బాయి ఇలా అందుకున్నాడు: ‘తలుపు కొట్టిన, సప్పుడు లేదు. ఇంగోసారి గట్టిగ కొట్టిన. లోపలికి రమ్మన్నట్టు ఇనొచ్చింది. పోయి చూస్తె ఆమె కుర్సీల ఊగుకుంట కూసుంది. జాన్ ఉన్నడా అంటే నవ్వింది. ఉన్నడన్నది. మరి కలుస్త అంటే, కలవలేవు, సచ్చిపోయిండన్నది.’

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆ నవ్వు ఎలాంటిది, ఆమె ఒళ్లో కొంగులాంటి ఏప్రన్‌ని ఎందుకు మడతలు పెడుతోంది అనే చర్చ దానంతట అదే మొదలైంది. యాసలో చెప్పించడం టైమ్ వేస్ట్ అనే సహోద్యోగులున్నారు. నేను ఒప్పుకోను. హేల్ అసలు ఆ ఇంటికి ఎందుకొచ్చాడో కూడా ఇక్కడే తేలుతుంది. ఇద్దరూ కలిసి టెలిఫోన్ లైను పెట్టించుకుందామని అడగడానికి వచ్చాడు. జనం ఎలాగూ ఎక్కువే మాట్లాడుతున్నారని జాన్ అంతకుముందే కొట్టిపారేశాడు. ఈ వివరం బోర్డు మీద ‘ఎందుకు’ పక్కన చిన్నగా రాసిపెట్టండి.

పెట్టె దగ్గర గంట కొట్టాలి

తర్వాతి రెండు పీరియడ్లు అసలు పాఠం. నోట్‌బుక్ పేజీని నిలువునా రెండు చేయించండి: ఒకవైపు మగవాళ్లు చూసినవి, రెండోవైపు ఆడవాళ్లు చూసినవి. మగవాళ్లు మేడ మీద పడగ్గది, తర్వాత పశువుల కొట్టం వెతుకుతారు. వాళ్ల గడి దాదాపు ఖాళీగా ఉండిపోతుంది. ఆడవాళ్లు దాదాపు అంతసేపూ వంటగదిలోనే ఉంటారు. సగం తుడిచిన బల్ల, బొంత కోసం కుట్టిన గుడ్డముక్కలు, వాటిలో ఒక్క ముక్క మీద మాత్రం తలాతోకా లేని కుట్లు, తలుపు బందు విరిగిన పంజరం.

కుట్ల దగ్గర నెమ్మదించండి. మిసెస్ హేల్ ఆ వంకర కుట్లు ఊడదీసి సూదిలో దారం ఎక్కించి చక్కగా కుట్టడం మొదలుపెడుతుంది. ‘ఇప్పుడు ఈమె చేస్తున్నదేంటి?’ అని అడగండి. సాయం అంటారు, అలవాటు అంటారు. ఎవరో ఒకరు ‘సాక్ష్యం చెరిపేస్తోంది మేడమ్’ అనేదాకా ఆగండి. ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు.

ఇక పెట్టె. కుట్టుసామాను ఉంటుందనుకుని మిసెస్ హేల్ ఒక అందమైన పెట్టె తెరిచి, చేత్తో ముక్కు మూసుకుంటుంది. సరిగ్గా అక్కడ పుస్తకాలు మూయించాలి. పీరియడ్ లెక్క అటూ ఇటూ చేసుకుని అయినా సరే, గంట అక్కడే మోగేలా చూసుకోండి. ఇంటిపని: ఆ పెట్టెలో పట్టుగుడ్డలో చుట్టి పెట్టినదేమిటి? గైడులో ‘కెనరీ పిట్ట మిన్నీకి ప్రతీక’ అనే వాక్యం చదివిన వాళ్లుంటారు. పర్లేదు. ఆ వాక్యంలో వాసన ఉండదు, విరిచిన మెడ ఉండదు, మొదట ఎవరి చేయి వణికిందో ఉండదు. నాటకం పూర్తయ్యేదాకా క్లాసులో సింబల్ అనే మాట ఎత్తకూడదని నా రూలు.

మర్నాడు పుస్తకం తెరిచి, పెట్టెలో ఉన్నది మెడ విరిగిన ఆ కెనరీ పిట్టే అని తెలిశాక, ఇంకో అర పేజీలో అటార్నీ లోపలికి వచ్చి పిట్ట ఎగిరిపోయిందా అని అడుగుతాడు. పిల్లి పట్టుకుపోయి ఉంటుందంటుంది మిసెస్ హేల్. పిల్లి ఉందా అని అతను మాటవరసకి అడిగితే, ఇప్పుడు లేదు, పిల్లులకు పట్టింపులెక్కువ, ఇల్లు వదిలి పోతాయి అని మిసెస్ పీటర్స్ జవాబిస్తుంది. నాలుగు పేజీలు వెనక్కి తిప్పించండి. మిన్నీకి పిల్లులంటే భయమని, ఆ ఇంట్లో పిల్లే లేదని చెప్పింది ఈ మిసెస్ పీటర్సే. షెరీఫ్ భార్య, అప్పటిదాకా చట్టం చట్టమే అంటూ వచ్చిన మనిషి, ఇక్కడ నోరు తెరిచి అబద్ధమాడింది. ఆమె ఎందుకు మారిందో తర్వాత చెబుతుంది: చిన్నప్పుడు కళ్లముందే ఒకడు తన పిల్లికూనను గొడ్డలితో చంపడం, డకోటాలో రెండేళ్ల బిడ్డ చనిపోయాక ఇంట్లో మిగిలిన నిశ్శబ్దం. కానీ అబద్ధం ముందు, కారణం తర్వాత. ఆ వరుస పిల్లలు గమనించాలి.

ఒక్కసారైనా ఆడించండి

నాటకం మొత్తం అరగంటే. స్టేజి, లైట్లు అక్కర్లేదు. గ్లాస్పెల్ దీన్ని రాసింది మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్‌లో, రేవు మీద పాత చేపల గోదామును నాటకశాలగా మార్చుకున్న ఒక బృందం కోసం. ఆ ఖాళీ వేదిక ముందు కూర్చుని చూస్తుంటే అది వంటగదిగా మారిందని ఆమే రాసుకుంది. ఆగస్టులో ఆడినప్పుడు మిసెస్ హేల్ వేషం ఆమే వేసింది. మనకు రెండు బెంచీలు, ఒక కుర్చీ చాలు. పంజరం లవ్‌బర్డ్స్ అమ్మే షాపులో దొరుకుతుంది. చిలక ఉన్న పంజరం తెస్తానని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి, మన చిలకల్ని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

మీరు జాగ్రత్తపడాల్సింది పెట్టె సైజు. చివర్లో మిసెస్ పీటర్స్ దాన్ని తన చేతిసంచిలో పెట్టబోతే పట్టదు. మిసెస్ హేల్ లాక్కుని కోటు జేబులో వేసుకుంటుంది. సంచిలో పట్టకూడదు, జేబులో పట్టాలి. మన ఎండల్లో కోట్లెక్కడివి? బీఎస్సీ వాళ్ల దగ్గర ల్యాబ్ కోటు అడగండి, దాని జేబు ఇందుకే కుట్టినట్టుంటుంది. అంతకు ముందు పెట్టె మీద బొంత ముక్కలు కప్పి ఉంటాయి. అటార్నీ నవ్వుతూ ఆ ముక్కల్ని అటూ ఇటూ కదుపుతాడు, ఇంకో అంగుళం కదిపితే కేసు తేలిపోయేది. ఆ వేషం వేసే అబ్బాయిచేత ఆ కదపడం తీరిగ్గా చేయించండి. పైన మగవాళ్ల అడుగుల చప్పుడు కోసం ఇద్దరిని వరండాలో బూట్లతో నడవమంటే సరిపోతుంది.

ఆఖరి మాటను హీరోయిన్ డైలాగులా చెప్పకుండా చూడండి. మిన్నీ బొంత పొరల్ని కుట్టి కలపబోవడం లేదని తేలింది, మరి ఆ రెండో పద్ధతిని ఏమంటారని అటార్నీ వెటకారంగా అడిగితే, ముడులు వేయడం అంటుంది మిసెస్ హేల్, చేయి జేబు మీద ఉంచి. జాన్ మెడకు బిగిసిన తాడు అందరికీ గుర్తే. మామూలు గొంతుతో అంటేనే అది వినపడుతుంది.

జాన్ రైట్ తరఫున ఎవరు?

నాటకం అయ్యాక ఒక పీరియడ్ విచారణ పెట్టండి. ముందు జ్యూరీ అంటే ఏమిటో చెప్పాలి, మన పిల్లలు చూడని వ్యవస్థ అది. 1959 నాటి నానావతి హత్యకేసు ఇక్కడ పనికొస్తుంది. బొంబాయిలో జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అన్నది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపితే అక్కడ శిక్ష పడింది. గ్లాస్పెల్ నాటకం ఆడిన నాటికి అయోవా రాష్ట్రంలో, అంటే ఆమె సొంత రాష్ట్రంలో, ఆడవాళ్లు జ్యూరీలో కూర్చోవడానికి లేదు. మిన్నీ మీద తీర్పు చెప్పేవాళ్లంతా మగవాళ్లే అయి ఉండేవారన్నమాట.

విచారణలో అందరూ మిన్నీ వైపే చేరిపోతారు. అందుకే బాగా మాట్లాడేవాళ్లను ఏరి జాన్ రైట్ తరఫున నిలబెట్టండి. చచ్చిపోయినవాడికీ నోరు లేదు. నాటకం అతనికి కొంత ఇచ్చింది కూడా: తాగడు, మాట తప్పడు, అప్పు తీర్చేస్తాడు. పిట్ట మెడ విరిచింది అతనే అని నాటకంలో ఎవరూ చూసి చెప్పలేదు. విరిగిన బందు, తిరిగిపోయిన మెడ చూసి ఇద్దరు ఆడవాళ్లు ఊహించారు, మనం నమ్మాం. ఒకసారి జాన్ వైపు వాదించిన అమ్మాయి ఈ ఒక్క పాయింటు పట్టుకుని అవతలి జట్టును ఉక్కిరిబిక్కిరి చేసింది. ‘పాపం’ అనే మాట వాడకుండా జవాబు చెప్పాలనడం నా షరతు. అప్పుడు టెలిఫోను, పిల్లల్లేని ఇల్లు, ఒకప్పుడు చర్చిలో పాడిన మిన్నీ పెళ్లయ్యాక పాట మానేయడం, ఇవన్నీ పుస్తకంలోంచి వెతికి తెచ్చారు. ఓటు చీటీల మీద, పేర్లు లేకుండా పెట్టండి. ఓటు ప్రశ్న మిన్నీ గురించి కాదు: పెట్టె మీ చేతిలో ఉంటే అటార్నీకి ఇస్తారా?

ఇక్కడో జాగ్రత్త. ‘మీ ఇంట్లో ఎలా?’ అని ఎవర్నీ అడగొద్దు. క్లాసులో ఇద్దరు ముగ్గురికైనా ఈ నాటకం మరీ దగ్గరగా తగులుతుంది. 2005 గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మాటలతో, మనసును నలిపి పెట్టే హింసనూ లెక్కలోకి తీసుకుంటుందని, 181 మహిళా హెల్ప్‌లైన్ అని మామూలు సమాచారంలా చెప్పి ముందుకు సాగండి.

ఈ నాటకానికి మూలమైన హొసాక్ కేసును అన్నిటికన్నా చివర చెప్పండి. గ్లాస్పెల్ డెమొయిన్‌లో పత్రికా రిపోర్టరుగా ఉండగా, 1900 డిసెంబర్‌లో అయోవాలో జాన్ హొసాక్ అనే రైతును పడుకున్నచోటే గొడ్డలితో చంపారు. పక్కనే పడుకున్న భార్య మార్గరెట్‌కు 1901లో శిక్ష పడింది. పై కోర్టు దాన్ని కొట్టేసింది, 1903 విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, ఆమె బయటపడింది. మొదటి విచారణ వార్తలు రాసిన అమ్మాయే పదిహేనేళ్ల తర్వాత గొడ్డలిని తాడు చేసి, పిల్లలున్న ఇంటిని పిల్లల్లేని ఇల్లు చేసింది. ఈ మార్పులు ఎందుకని అడిగితే మంచి అసైన్‌మెంట్ అవుతుంది. ముందే చెబితే మాత్రం పిల్లలు నాటకాన్ని పేపరు వార్తలా చదువుతారు.

నాటకం జిరాక్స్ తీయించి పంచడానికి ఇబ్బంది లేదు. గ్లాస్పెల్ 1948లో చనిపోయింది, కాపీరైట్ ఎప్పుడో తీరింది. 1952 నుంచి లండన్‌లో ఆడుతున్న అగాథా క్రిస్టీ ‘ది మౌస్‌ట్రాప్’ మీద మనసు పడితే ఆ వీలు లేదు. ఆమె 1976లో పోయింది, మన చట్టంలో హక్కు 2036 చివరిదాకా ఉంటుంది.

సిలబస్ మీద పడి టైమ్ లేకపోతే హొసాక్ కేసు వదిలేయండి, విచారణ కూడా వదిలేయండి. వంటగది బొమ్మ, పెట్టె దగ్గర ఆపడం, పిల్లి అబద్ధం ఉన్న పేజీ, ఈ మూడూ మూడు పీరియడ్లలో అయిపోతాయి.